రాత్రి రోడ్డు మీద విడిచిపెట్టింది పొద్దుగాల మంచుల తగులుతది

(నల్లగొండ జిల్లాలో ఒక రైతు వేదికలో, వానాకాలం వడ్ల కొనుగోళ్లు నడుస్తున్న రోజుల్లో, బస్సు డ్రైవర్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్కారం. ఎనుక నిలబడ్డోళ్లు ముంగటికి రాండ్రి, కుర్సీలు ఖాళీగనే ఉన్నయి. రా తమ్మీ, కూసో. అక్కా, మీరు గూడ ఇటు రాండ్రి.

నేను రాంగనే ఒక పని చేసిన. బయట చెట్ల కింద ఆపిన ట్రాక్టర్లను లెక్కపెట్టిన. ట్రాలీ తగిలించినయి తొమ్మిది ఉన్నయి. తొమ్మిదింటి ఎనుకకు పోయి చూసిన. ఎర్ర లైటు ఉన్నది ఒక్కదానికి. రేడియం స్టిక్కర్ ఉన్నయి రెండు, అండ్ల ఒకదాని మీద బురద ఎండి రంగే కనపడుతలేదు. మిగిలినయన్ని ఒట్టి ఇనుప రేకు. ఈ లెక్క జర యాదిల పెట్టుకోండ్రి, మల్ల దీనికాడికే వస్త.

నన్ను మంచు గురించి మాట్లాడమన్నరు. మన భాషల మంచు అంటే అన్నిటికి ఒకటే మాట. పొద్దుగాల గడ్డి మీద మెరిసే చుక్క మంచే. రోడ్డు కనపడకుంట కమ్ముకునేది మంచే. కాశ్మీర్ల మోకాలి లోతు పడేది మంచే. మన దగ్గర మోకాలి లోతు పడదు. అందుకే మనకు అదొక ప్రమాదం లెక్కనే అనిపియ్యది. చలి అంటం, దుప్పటి కప్పుకుంటం, చాయ్ తాగి బండి తీస్తం.

అసలు పొగమంచు ఎట్ల పుడుతది? పొద్దంత నేల వేడెక్కుతది. రాత్రి ఆ వేడిని పైకి వదులుతది. మొగులుంటే దుప్పటి కప్పినట్టు ఆ వేడి ఆగుతది. మొగులు లేదు, గాలి లేదు అనుకోండ్రి, నేల తొందరగా చల్లబడుతది, నేలను అంటుకున్న గాలి గూడ చల్లబడుతది. చల్లబడ్డ గాలి తడిని మోయలేదు. మోయలేక చుక్కలు చుక్కలుగ వదిలేస్తది. ఆ చుక్కలు మన వెంట్రుక మందంల నాలుగో వంతో, ఐదో వంతో ఉంటయి. కింద పడేంత బరువుండయి, అట్లనే గాలిల తేలుతయి. నీళ్లే అవి, పొగ కాదు. పొద్దుగాల బైక్ మీద పోయొచ్చినోళ్ల మీసాలు, కనుబొమ్మలు చూసిన్రా? తడిసి ఉంటయి.

మరి తడి ఎక్కడ ఎక్కువుంటది? నీళ్లున్న కాడ. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పోండ్రి, ఎటు చూసినా వరి మడే. ఇక్కడ పానగల్ ఉదయసముద్రం చూడండ్రి. అటు మూసీ వచ్చి కృష్ణల కలిసే వాడపల్లి చూడండ్రి. కాలువ నీళ్లొచ్చి మన బతుకు మారింది, ఆ నీళ్లను నేను తప్పు పడుతలేను. కాని తడి నేల, పల్లపు నేల ఉన్న కాడ మంచు ముందు కూసుంటది, ఆఖరికి లేస్తది. అది రోడ్డంత ఒక్క తీరుగ ఉండదు. రెండు కిలోమీటర్లు సాఫుగ ఉంటది, వాగు బ్రిడ్జి రాంగనే గోడ కట్టినట్టు ఉంటది. సాఫుగ ఉన్న రోడ్డు మీద 80ల పోతున్న మనిషి, ఆ 80తోనే గోడలకు జొరబడుతడు.

ఇంకో మాట. మనం ఏమనుకుంటం? తెల్లారకముందు చీకట్ల పోతేనే మంచు, పొద్దు పొడిస్తే పోతది అనుకుంటం. కాదు. రాత్రంత చల్లబడుకుంట వచ్చిన నేల, అందరికన్నా చల్లగుండేది సరిగ్గ పొద్దు పొడిచే ఏళనే. పొద్దు పొడిచినంక గూడ కొంతసేపు మంచు ఇంకా చిక్కబడుతది. నేను నడిపిన ఏండ్లల్ల నాలుగున్నరకు మంచిగున్న రోడ్డు ఆరున్నరకు మాయమైంది ఎన్నిసార్లో. పాల బండ్లు, కూరగాయల ఆటోలు, బడి పిల్లల బస్సులు, పత్తి ఏరవోయే కూలోళ్ల ట్రాలీలు, అన్నీ రోడ్డెక్కేది అప్పుడే గద?

వాతావరణ శాఖోళ్లు దీనికి కొలత పెట్టిన్రు. 1000 మీటర్ల లోపల చూపు ఆగితే పొగమంచు. 200 లోపలైతే దట్టమైనది. 50 లోపలైతే అతి దట్టమైనది. మీటర్లు మనకు అందాజకు రావు, నేను బస్సుతోని చెప్త. బస్సు పొడవు దగ్గర దగ్గర 11 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్ల మీద పోతుంటే ఒక్క సెకన్‌ల 22 మీటర్లు పోతం. అంటే ఒక్క సెకన్‌ల రెండు బస్సులంత దూరం! ముంగట ఏదో ఉన్నదని కండ్లకు తెలిసి, కాలు బ్రేకు మీదికి పోయేవరకు సెకనున్నర అయితది. అప్పటికే మూడు బస్సులు దాటినం, ఇంకా బ్రేకే పడలే. మంచుకు తడిసిన రోడ్డు మీద బ్రేకు పడ్డంక ఆగడానికి ఇంకో నాలుగున్నర బస్సులు. మొత్తం 80 మీటర్లు దాటుతది. నిండ వడ్ల బస్తాలేసిన లారీ అయితే ఇంకా దూరం పోతది. చూపు ఆనేది 50 మీటర్లు, ఆగేది 80 మీటర్లకు. ఆ నడుమ ఉన్న 30 మీటర్లు ఎవలియి? మీరే చెప్పండ్రి, ఎవలియి? ఆ 30 మీటర్లల్ల ఉన్న మనిషియి.

అదే 40ల పోతే? 30 మీటర్లల్ల ఆగుతం. అంతే తేడా.

ఇగ నా సంగతి చెప్త. ఇది నేను చాన ఏండ్లు ఎవలికీ చెప్పలే. నా ఇంటిదానికి తెలుసు, నాతోని ఆ రోజు ఉన్న కండక్టర్‌కు సగం తెలుసు. ఈ మధ్యనే చెప్పుడు మొదలుపెట్టిన, ఎందుకంటే చెప్పకుంటే నేను రిటైరై కూసున్నది దేనికి?

పత్తి కాలం. రాత్రి ఆఖరి ట్రిప్పు తీసుకొని అద్దంకి రోడ్డు మీద వస్తున్న. నార్కట్‌పల్లి కాడ హైవే విడిచి నల్లగొండ దిక్కు మళ్లినంక ఒక ట్రాలీ ఆగి ఉన్నది. పత్తి నింపిన ట్రాలీ. చక్రం బోల్టులు తెగి ఒక దిక్కు ఒరిగింది. సగం రోడ్డు మీద, సగం మట్టి మీద. ఎనుక లైటు లేదు, ఏం లేదు. ఆ రాత్రి మంచు లేదు కాబట్టి దూరంనుంచే కనపడ్డది. హారన్ కొట్టి, స్టీరింగ్ కోసి, సైడు నుంచి తీసిన. తీసి, "ఎవడో ఇట్ల నడి రోడ్డు మీద పెట్టి పోయిండు" అని తిట్టిన. బస్సుల ఇద్దరు ముగ్గురు గూడ తిట్టిన్రు. అంతే, పోయినం. డ్యూటీ దిగి పన్నం.

పొద్దుగాల మొదటి ట్రిప్పు నాదే. అదే బస్సు, అదే రోడ్డు. మంచు ఎట్లున్నదంటే నా వైపర్ నాకు కనపడుతున్నది, దాని అవతల ఏం లేదు. నేను నెమ్మదిగనే పోతున్న అనుకున్న. అనుకున్న! మంచుల ఇదొక మోసం. పక్కన చెట్లు ఎనుకకు పోయేది కనపడది గద, అందుకని పానానికి వేగం తెల్వది. ముల్లు చూస్తేనే తెలుస్తది. నేను ముల్లు చూడలే. చూసేవరకు ముంగట తెల్లగ ఏదో ఉన్నది. మంచు గూడ తెల్లగనే ఉన్నది, పత్తి గూడ తెల్లగనే ఉన్నది.

బ్రేకు కొట్టిన. బస్సు జారి ఎడమ మూల పోయి ట్రాలీకి తగిలింది. బస్సుల ఉన్నోళ్లకు దెబ్బలు తగిలినయి గని పెద్దయి కావు. కాని పత్తి మీద ఒక పిల్లగాడు పండుకొని ఉన్నడు. పద్నాలుగేండ్ల పిల్లగాడు. పత్తి ఎవలన్న ఎత్తుకపోతరని వాళ్ల నాయిన కావలి పెట్టి మిస్త్రీ కోసం పోయిండు. ఆ పిల్లగాడు రాత్రంత అక్కడనే ఉన్నడు. నేను హారన్ కొట్టినప్పుడు ఉన్నడు. నేను తిట్టినప్పుడు ఉన్నడు. వాడు మీదికెళ్లి కింద పడితే తొడ ఎముక విరిగింది.

దవాఖానకు పోయిన. వాళ్ల నాయిన వచ్చిండు. నన్ను కొడుతడనుకున్న. కొడితే బాగుండు అనుకున్న. ఆయన ఏమడిగిండో తెలుసా? "బస్సుల ఉన్నోళ్లకు ఏం కాలే గద సారూ" అని అడిగిండు. 

నేను అప్పటినుంచి ఒకటే లెక్క ఏస్తున్న. రాత్రి ఏడింటికి బోల్టులు తెగినయి. పొద్దుగాల ఆరింటికి నేను గుద్దిన. పదకొండు గంటలు. ఆ పదకొండు గంటలల్ల ఆ రోడ్డు మీద ఎన్ని బండ్లు పోయినయి? ఎంతమంది చూసిన్రు? నాలెక్క ఎంతమంది తిట్టిన్రు? ఒక్కడు బండి ఆపి, పది మందిని దింపి, ఆ ట్రాలీని రెండు గజాలు మట్టి మీదికి నూకిస్తే అయిపోవు. నా బస్సుల ఆ రాత్రి ముప్పై మంది ఉన్నరు. ముప్పై మంది! మంచు కొట్టింది, డ్రైవర్ గుద్దిండు అని రాసుకున్నరు. అది నిజమే, తప్పు నాదే. కాని ఆ ప్రమాదం ఆరింటికి పుట్టలే. రాత్రి ఏడింటికే పుట్టింది. మంచు దాన్ని దాచి పెట్టింది, అంతే.

ఇది చెప్పనీకే వచ్చిన. మంచుల బండి ఎట్ల నడపాలె అనేది డ్రైవర్లకు చెప్పేటోళ్లు ఉన్నరు. రోడ్డు మీద రాత్రి ఏం విడిచిపెడుతున్నం అనేది మనకు మనం చెప్పుకోవాలె.

ఏమేం విడిచిపెడుతున్నం? వడ్లు. కోపం తెచ్చుకోకుండ్రి, నేను రైతు కొడుకునే. రోడ్డు మీద ఎందుకు ఆరబోస్తరో నాకు తెల్వదా? తేమ 17 శాతం దాటితే సెంటర్ల కాంటా పెట్టరు. కల్లం లేదు, ఉన్న కల్లం పచ్చిగున్నది, డాంబర్ రోడ్డు మీద పోస్తే రెండు రోజులల్ల గలగల ఎండుతయి. పొయ్యకుండ్రి అని చెప్పుడు నాకు సులువు, మీకు కష్టం. అందుకని నేను రెండు మాటలే అడుగుత. మొదటిది, మాపటికి కుప్ప చేసి నల్ల టార్పాలిన్ కప్పుతున్నరు చూడండ్రి, ఆ కుప్ప రోడ్డు మీద రాత్రి ఉండొద్దు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని మీద మంచు. మామూలు రాత్రే కనపడది. నలుగురు కలిసి ఆ కుప్పను రోడ్డు దింపుండ్రి. మంచుకు వడ్లు గూడ మల్ల తడి పట్టుకుంటయి, దింపి మంచిగ కప్పితే మీకే లాభం.

రెండోది రాళ్లు. వడ్ల చుట్టు బండ్లు ఎక్కకుంట రాళ్లు పెడుతరు. వడ్లు ఎత్తుకపోతరు, రాళ్లు అట్లనే ఉంటయి. ఎవల రాళ్లు? ఎవలియి కావు. బైక్ మీద పోయే పిల్లలకు ముంగటి చక్రం కింద తలకాయంత రాయి వస్తే ఏమైతదో నేను చెప్పాల్నా? బస్తా కుట్టినంక ఆఖరి పని రాళ్లు తీసుడు. అది మీ పనిల లెక్కనే అనుకోండ్రి.

ఆగిన లారీలు గూడ అట్లనే. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాక 65 నంబర్ హైవే మీద, అటు షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట 44 నంబర్ మీద, దాబాల ముంగట రాత్రి ఎట్ల ఆపుతరో చూస్తనే ఉన్నం. ఎనుక చక్రాలు రోడ్డు మీదనే ఉంటయి. ఇబ్బంది అయ్యేటట్టు రోడ్డు మీద బండి ఆపుడు మోటారు వాహనాల చట్టంల 122 సెక్షన్ కింద తప్పు. కాని చట్టం రాత్రి వచ్చి బండి నూకదు. దాబా నడిపే అన్నలు ఎవలన్న ఉన్నరా ఇక్కడ? ఉన్నరా, మంచిది. అన్నా, "జర లోపలికి పెట్టు" అని మీరంటే డ్రైవర్ ఇంటడు. మా అసువంటోళ్లు చెప్తే ఇనడు.

ఇంకోటి రాంగ్ రూట్. యూ టర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉన్నదని ఎదురుంగ వస్తరు. పగటి పూట తప్పిచ్చుకుంటరు. మంచుల రెండు దిక్కుల వేగం కలుస్తది. మీరు 40, ఆయన 60 అంటే 100 వేగంతోని ఒకలికొకలు దగ్గరికొస్తున్నట్టు.

హైవే పక్క కొయ్యకాలు కాల్చుడు గురించి ఎక్కువ చెప్ప. మంచు రాత్రి పొగ పైకి లేవదు, నేలనే పట్టుకొని ఉంటది. మంచు, పొగ కలిస్తే అతి దట్టం అయితది. అంతే.

కాశ్మీర్ సంగతి చెప్త, ఒక్క నిమిషం. జడ్చర్ల మీదికెళ్లి పోయే 44 నంబర్ హైవే మొదలయ్యేది ఎక్కడనో తెలుసా? శ్రీనగర్‌ల. అక్కడనుంచి మన పాలమూరు దాటి కన్యాకుమారి దాక అదే రోడ్డు. సేపు పండ్ల లారీలు ఆ రోడ్డు మీదనే వచ్చి మన బాటసింగారం మార్కెట్‌ల దిగుతయి. ఆ లారీ తోలే ఒక డ్రైవర్‌తోని ఒకసారి చాయ్ తాగుకుంట మాట్లాడిన. ఆయన ఏమన్నడంటే, బనిహాల్ కాడ మంచు పడితే రోడ్డే బంద్ పెడుతరు. చక్రాలకు గొలుసులు కట్టుకోమంటరు, లేకుంటే ఆపుతరు. ఒకటి, రెండు దినాలు లైన్ల ఉంటరు. పండ్లు ఖరాబైనా ఉంటరు. "అక్కడ మంచు మమ్మల్ని ఆపుతది, ఇక్కడ మమ్మల్ని ఎవలూ ఆపరు" అన్నడు.

ఆ మాట నా మనసుల పడ్డది. అక్కడ పడే మంచును లోడర్ పెట్టి తీస్తరు, గొలుసులు కడుతరు, గేటు ఏస్తరు. ఢిల్లీ, ఆగ్రా నడుమ యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలంల కార్ల వేగం 100 నుంచి 75కు తగ్గిస్తరు. మన దగ్గర గేటు లేదు. మన గేటు మనమే ఏసుకోవాలె. చూపు ఆనకుంటే పెట్రోల్ బంకు లోపలికి పోయి ఆపుండ్రి. రోడ్డు పక్క కాదు, లోపలికి. తొమ్మిదింటికి మంచు లేస్తది. సంక్రాంతికి పోయే బండ్లు చూస్తం గద పంతంగి టోల్‌గేట్ కాడ, కొర్లపహాడ్ కాడ? రాత్రంత నిద్ర లేకుంట పొద్దుగాల మంచుల కొడుతరు. రెండు గంటలు ఆలస్యమైతే పండుగ యాడికి పోతది?

నడపాల్సే వస్తే నాలుగు మాటలు. లైట్లు డిమ్ముల పెట్టుండ్రి. ఫుల్ లైటు కొడితే ఆ వెలుగు నీటి చుక్కలకు తగిలి మీ కండ్లల్లకే వస్తది. తెల్ల గోడ మీద టార్చ్ కొట్టినట్టు. ఫాగ్ లైట్లు కిందికి ఎందుకు పెడుతరంటే నేల పొంటి వెలుగు పోవాలెనని. నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లు కొట్టుకుంట పోకుండ్రి. ఆగిన బండో, పోతున్న బండో ఎనుకోనికి తెల్వది, ఎటు మళ్లుతున్నరో అసలే తెల్వది. ముంగటి బండి ఎర్ర లైటు పట్టుకొని అంటుకొని పోవుడు అందరికి అలవాటు, ఆయన దేనికన్న తగిలితే మీరు ఆయనకు తగులుతరు. ఎడమ దిక్కు తెల్లగీత చూసుకుంట పోండ్రి. అద్దాలు జర దింపుండ్రి. లోపలి ఆవిరి పోతది, చప్పుడు గూడ ఇనపడుతది. మంచుల కండ్లకన్నా చెవులు ముందు చెప్తయి.

చెవులంటే యాదికొచ్చింది. రైలోళ్లు ఏం చేస్తరో తెలుసా? మంచుల సిగ్నల్ కనపడదు గద, అందుకని సిగ్నల్‌కు ముందే, 270 మీటర్ల దూరంల, పట్టా మీద పేలే టోపీలు పెడుతరు. ఇంజిన్ చక్రం ఎక్కంగనే డబ్బుమంటది. డ్రైవర్‌కు సిగ్నల్ వస్తున్నదని తెలుస్తది. ఇప్పుడు ఇంజిన్‌ల పెట్టే మిషన్లు గూడ వచ్చినయి. చూసిన్రా? సిగ్నల్ కాడ పెట్టలే, దానికి ముందు పెట్టిన్రు. మనం ఏం చేస్తం? బండి చెడిపోతే చెట్టు కొమ్మ తెచ్చి బండికే చెక్కుతం! కొమ్మ కనపడేవరకు బండి గూడ తగులుతది. ఎనుకకు 150 అంగలు నడిచి అక్కడ పెట్టాలె. నడిచేటప్పుడు రోడ్డు మీద కాదు, మట్టి మీద. బండి బాగైనంక ఆ కొమ్మ తియ్యాలె.

ఎవలిదన్న బండి చెడిపోయి కనపడితే తిట్టి పోకుండ్రి. హైవే మీద అయితే 1033కు ఫోన్ చెయ్యండ్రి, క్రేన్ వస్తది. మనిషికి దెబ్బ తగిలితే 108. దవాఖానకు తీస్కపోతే కేసుల్ల ఇరుక్కుంటం అని భయపడుతరు ఇంకా. 2019ల చట్టం మార్చిన్రు, 134ఏ అని పెట్టిన్రు, సాయం చేసినోని మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దు.

ఆ పిల్లగాడా? ఎవలో అడిగిన్రు. ఆ... బాగనే ఉన్నడు. కాలు జర పొట్టిగ అయింది. ఎవుసమే చేస్తడు. పెండ్లికి పిలిచిండు, పోయిన. నేను పోంగనే వాళ్ల నాయిన కుర్సీ ఏసి కూసోబెట్టిండు.

ఇగ నా లెక్క కాడికి వస్త. బయట తొమ్మిది ట్రాలీలు. నా కారు డిక్కీల రేడియం టేపు చుట్టలు ఉన్నయి. ఎర్రది, తెల్లది, పసుపుది మూడు తెచ్చిన. ఎనుకకు ఎర్రది, ముంగటికి తెల్లది, రెండు పక్కలకు పసుపుది. తారుమారు ఏస్తే బండి అటు పోతున్నదో, ఇటు వస్తున్నదో మంచుల తెల్వది. దుమ్ము మీద అంటియ్యకుండ్రి, నాలుగు రోజులల్ల ఊడుతది. నాకు రెండు బకెట్ల నీళ్లు, పాత గుడ్డలు కావాలె. తమ్మీ, ఆ బోరు కాడికెళ్లి తెస్తవా? పొద్దు గుంకనీకె ఇంకా గంటున్నది, తొమ్మిదింటికీ అయితది. పదండ్రి.